కల్నల్ కట్టిన ఊరు

1914. కాలిఫోర్నియాలోని అలెన్స్‌వర్త్ స్టేషన్ బోసిపోయింది. చుట్టుపక్కల పండిన ధాన్యమంతా ఇక్కడే బండ్లకెక్కేది. ఆ రాకపోకల మీదే ఊరి దుకాణాలు, హోటలు బతికేవి. శాంటా ఫే రైల్వే పొరుగునున్న ఆల్పాకు బ్రాంచి లైను వేయడంతో సరుకంతా అటు మళ్లింది.

రైలును నమ్ముకునే కల్నల్ అలెన్ అలెన్స్‌వర్త్ ఇక్కడికొచ్చాడు. 1842లో కెంటకీలో బానిసగా పుట్టినవాడు. అక్షరాలు దిద్దుతున్నాడని తెలిసి చిన్నప్పుడే అమ్మేశారు! అంతర్యుద్ధంలో తప్పించుకుని ఉత్తరాది సైన్యం పంచన చేరాడు. తర్వాత పాస్టరయ్యాడు, సైన్యంలో మతగురువయ్యాడు. 1906లో లెఫ్టినెంట్ కల్నల్‌గా రిటైరయ్యాడు. నల్లజాతివాళ్లలో అంతవరకూ ఆ హోదా ఎవరికీ దక్కలేదు.

హాయిగా పింఛను తింటూ కూర్చోవచ్చు. కానీ 1908లో, ఉపాధ్యాయుడు విలియం పేన్ వంటివారితో కలిసి రైలు పట్టాల పక్కన ఈ ఊరికి ప్లాను వేశాడు. నల్లజాతివాళ్లే భూమి కొని, పండించి, తమ ఊరిని తామే ఏలుకోవాలన్నది సంకల్పం. 1912లో బడి లేచింది. మరుసటి ఏడు ఆయన భార్య జోసఫిన్ తన తల్లి పేరిట గ్రంథాలయం కట్టించింది. ఆ అల్మరాల్లోకి కల్నల్ సొంత పుస్తకాలు వెళ్లాయి. చదివినందుకు అమ్ముడైన మనిషి ఊరికి పుస్తకాలిచ్చాడంటే, నాకు ఈ కథలో అంతకు మించిన ఘట్టం లేదు.

కష్టాలు జంటగా వచ్చాయి. భూములమ్మిన కంపెనీ ఇస్తానన్నన్ని నీళ్లు ఇవ్వలేదు. చేలు నెర్రెలిచ్చాయి. 1914 సెప్టెంబరులో, ప్రసంగం చేయడానికి మొన్రోవియా వెళ్లిన కల్నల్‌ను వీధి దాటుతుండగా మోటారుసైకిలు ఢీకొట్టింది. 14వ తేదీన కన్నుమూశాడు. వృత్తి విద్యాలయం పెట్టాలన్న ఆయన ఆశను 1915లో రాష్ట్ర శాసనసభ సాగనివ్వలేదు. 1960లలో తాగునీటిలో ఆర్సెనిక్ బయటపడింది. జనం తరలిపోయారు. పాత ఊరు 1970లలో రాష్ట్ర చారిత్రక పార్కయింది.

అంతటితో ఊరు పోయిందనుకుంటే పొరపాటు. పక్కనే ఇప్పటికీ కొన్ని వందల మంది ఉన్నారు, ఎక్కువగా లాటినో వ్యవసాయ కుటుంబాలు. సొంత మున్సిపాలిటీ లేదు, తులేరీ కౌంటీయే దిక్కు. 2023 మార్చిలో, ఎప్పుడో ఎండగట్టిన తులేరీ సరస్సు మళ్లీ నిండుతుంటే, రైలు కట్ట కింది తూము నుంచి ఊరి మీదికొస్తున్న వరదను ఆపడానికి వీళ్లే ఇసుక, చెక్కలు మోసుకుని పరుగెత్తారు.