గొణుగుడు

గొణుగుడు అనగా ఎదుటివారికి స్పష్టంగా వినబడకుండా, ముఖ్యంగా అసంతృప్తితో, నోటిలో నోటిలోనే పలుకుట. ఇది "గొణుగు" అను క్రియ నుండి ఏర్పడిన నామవాచకము. సణుగుడు దీనికి దగ్గరి పదము. ఈ రెండు మాటల నిఘంటు చరిత్రలో కడప పట్టణానికి చోటు కలదు.

వ్యుత్పత్తి

ఇది దేశ్య పదము. సంస్కృతము నుండి వచ్చినది కాదు. అస్పష్టమైన పలుకును అనుకరించే "గొణగొణ" అను ధ్వనితో దీనికి సంబంధమున్నది. కన్నడంలో "గొణగు" అను క్రియకు ఇదే అర్థం. 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండి, తరువాత కర్నూలు జిల్లాలో చేరిన ఆదోని, ఆలూరు ప్రాంతాలలో రెండు భాషలూ వినబడతాయి గనుక అక్కడ ఈ మాట ఏ భాషదని అడుగుట వృథా. స్కాట్లాండులో ఇదే అర్థంలో వాడే "గిర్న్" అను పాత మాట, పళ్ళు బయటపెట్టుట అను అర్థం గల "గ్రిన్"లో అక్షరాలు తారుమారై ఏర్పడినది. అంటే అక్కడివారు ముఖాన్ని చూసి పేరు పెట్టగా, తెలుగువారు చెవికి వినబడినదానిని బట్టి పెట్టారు.

అర్థభేదాలు

నిద్రలో పలవరించేవారు, మంత్రం జపించేవారు కూడా గొణుగుతారు. సణుగుడులో మాత్రం అసంతృప్తి తప్పనిసరి. పెత్తనం గలవారు విసిగిస్తే అది సాధింపు అవుతుంది. అత్త సాధిస్తుంది, కోడలు గొణుగుతుంది. యజమానికి ఎదురు చెప్పలేని జీతగానిదీ గొణుగుడే. ఫిర్యాదు వలె దీనికి జవాబు ఇవ్వవలసిన పని లేదు, ఎందుకంటే అది విన్నట్లు ఎవరూ ఒప్పుకోరు.

నిఘంటువులలో

ఇటువంటి ఇంటి మాటలకు కావ్యాలలో చోటు తక్కువ. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1820లో తొలిసారి కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, తరువాత అక్కడ బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను నియమించి తాళపత్ర ప్రతులను పరిష్కరింపజేశాడు. 1852లో వెలువడిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో కవుల పదాలతో పాటు వాడుక మాటలు కూడా చేరాయి; గొణుగు, సణుగు అందులో ఉన్నాయి. ఆ బంగళా ఉన్న స్థలంలో నేడు బ్రౌన్ పేరిట గ్రంథాలయము, భాషా పరిశోధన కేంద్రము ఉన్నాయి.

మాండలిక రూపాలు

కోస్తాలో "గొణుగుతున్నాడు" అనేదానిని రాయలసీమలో "గొణగతాండాడు" అని పలుకుతారు.