ఒకే నగరం, రెండు బడి పన్నులు

అమెరికాలో ఇల్లు కొనే తెలుగు కుటుంబాలు చాలావరకు ముందు ఆరా తీసేది అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ ఏదని. ఆ మాటను జిల్లా అని అనువదించుకుంటే అసలు సంగతి మరుగున పడుతుంది. కలెక్టరు ఏలే జిల్లా లాంటిది కాదది. చాలాచోట్ల అది సొంత హద్దులు, ఓటర్లు ఎన్నుకున్న బోర్డు, ఆ హద్దుల్లోని ఇళ్ల మీద, స్థలాల మీద బడి కోసం పన్ను వేసే అధికారం ఉన్న చిన్న ప్రభుత్వం. ఐదారు బడులున్న శివారు డిస్ట్రిక్టు పేరెత్తగానే అక్కడి పంతుళ్లనూ తల్లిదండ్రుల శ్రద్ధనూ మెచ్చుకుంటాం. ఆ శ్రద్ధ నిజమే. కానీ ఆ బడుల బలం, హద్దుగీత లోపల ఎంత ఆస్తి పడిందన్న దానితో మొదలవుతుంది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో చరిత్రే ఇందుకు సాక్ష్యం.

అక్కడి ఆలమో హైట్స్ డిస్ట్రిక్టులో 1967-68లో ఆరు బడులు, సుమారు 5,000 మంది పిల్లలు. నగరం నడిమి భాగంలోని ఎడ్జ్‌వుడ్‌లో 22,000 మంది, వారిలో నూటికి 90 మంది మెక్సికన్ అమెరికన్లు. పన్ను లెక్కకు కట్టిన ఆస్తి విలువ పిల్లవాడికి ఆలమో హైట్స్‌లో 49,000 డాలర్లు దాటితే, ఎడ్జ్‌వుడ్‌లో 5,960 మాత్రమే. అయినా నూరు డాలర్ల ఆస్తికి ఎడ్జ్‌వుడ్ వాళ్లు 1.05 డాలర్లు కట్టారు. ఆలమో హైట్స్ వాళ్లు 85 సెంట్లు. ఎక్కువ రేటున కట్టినవాళ్ల పిల్లలకు స్థానిక పన్ను నుంచి అదనంగా దక్కింది తలకు 26 డాలర్లు, తక్కువ రేటు వాళ్ల పిల్లలకు 333. ఈ తేడాను పూడ్చవలసిన రాష్ట్ర నిధి కూడా పేదవాళ్లకు 222, ఉన్నవాళ్లకు 225 ఇచ్చింది. 1968 మేలో ఎడ్జ్‌వుడ్ హైస్కూలు పిల్లలు తరగతులు విడిచి బయటికి వచ్చారు. కెల్లీ వైమానిక స్థావరంలో రేకుల పని చేసే డెమెట్రియో రోడ్రిగ్జ్, మరికొందరు తల్లిదండ్రులు అదే ఏడాది కోర్టుకెక్కారు. 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో వాళ్ల వాదన కాదంది.

తీర్పు రాసిన జస్టిస్ పవెల్ ఆధారపడిన వాదం స్థానిక అదుపు: తమ బడికి ఎంత ఖర్చు పెట్టాలో తామే తేల్చుకోవడం. తోసిపారేయదగ్గ మాట కాదిది. చిన్న బోర్డునైతే తల్లీ తండ్రీ నేరుగా నిలదీయగలరు. అయితే ఆ తేల్చుకునే స్వేచ్ఛ ఎడ్జ్‌వుడ్‌కు ఉందా? కౌంటీలోని మిగతా డిస్ట్రిక్టుల్లో అత్యధిక రాబడిని అందుకోవాలంటే ఆలమో హైట్స్ నూరు డాలర్లకు 68 సెంట్లు వేస్తే చాలు, ఎడ్జ్‌వుడ్ 5.76 డాలర్లు వేయాలని జస్టిస్ వైట్ అసమ్మతి తీర్పులో లెక్కగట్టారు. చట్టం విధించిన గరిష్ఠ పరిమితి 1.50. చట్టమే చేతులు కట్టేసిన చోట అదుపు అన్న మాటకు అర్థమేముంది? డబ్బుతోనే చదువు రాదు కదా అన్నది మరో అభ్యంతరం. నిజమే, కానీ డబ్బు లేనిచోట పూర్తి అర్హత ఉన్న పంతులు నిలవడు. ఎడ్జ్‌వుడ్ పంతుళ్లలో నూటికి 47 మంది అత్యవసర పర్మిట్ల మీద పాఠాలు చెప్పేవారు. ఆలమో హైట్స్‌లో 11 మంది.

పోరు రాష్ట్ర కోర్టులకు మళ్లింది. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ నిధుల పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని ఏకగ్రీవంగా తేల్చింది. 1993 చట్టం ఆస్తి ఎక్కువున్న డిస్ట్రిక్టుల ముందు, ఆ సంపదను పంచుకునేందుకు ఐదు దారులు పెట్టింది. పొరుగు డిస్ట్రిక్టుతో కలిసిపోవడం వాటిలో ఒకటి. దాదాపు అన్నీ డబ్బు పంపే దారులనే ఎంచుకున్నాయి. గీత మాత్రం చెరపలేదు.