మెరిట్ మాట ఎత్తే ముందు ఈ హాలు కథ వినండి

మైదానాల చరిత్ర – 6

మొన్న హాస్టల్ మీటింగులో ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, అన్నిచోట్లా కులం ఉందంటే ఒప్పుకుంటా. ఆటలో ఎక్కడుంది? బాగా ఆడినోడే కదా గెలిచేది?" అని.

తమ్ముడూ, నీకు సమాధానం ఒక భవనంలో ఉంది. అమెరికాలో వాషింగ్టన్ పక్కనే కాలేజ్ పార్క్ అనే ఊరుంది. అక్కడి మేరీలాండ్ యూనివర్సిటీ కట్టిన కోల్ ఫీల్డ్ హౌస్‌ను 1955లో తెరిచారు. నడుమ బాస్కెట్‌బాల్ కోర్టు, చుట్టూ వేల సీట్లు. ఆట ఉంటే ఆట, లేకుంటే కచేరీ. 1972లో చైనా టేబుల్ టెన్నిస్ జట్టు అమెరికా వచ్చినప్పుడు ఇక్కడా ఆడింది. 1974లో ఎల్విస్ ప్రెస్లీ వరుసగా రెండు రాత్రులు ఇక్కడే పాడాడు.

ఇలాంటి హాలు గురించి చదివితే నా కళ్ళు ముందు గేటు మీదికే పోతాయి. నేను చదివినచోట ఇండోర్ స్టేడియంలో సినిమా పాటల కచేరీ పెట్టారు. కుర్చీలు మోసింది మా హాస్టల్ పిల్లలం. ముఖ్య అతిథి కారు దిగితే డప్పు కొట్టుకుంటూ తీసుకొచ్చిందీ మేమే. తలుపు దాకా వచ్చాక "ఇక చాలు, ఇక్కడ ఆపండి" అన్నారు. లోపల స్టేజీ మీద డప్పుకు చోటు లేదు. ఆ తలుపు నాకు ఇప్పటికీ గుర్తు.

మేరీలాండ్‌కు వద్దాం. 1936 నుంచి 1954 దాకా ఆ యూనివర్సిటీ అధ్యక్షుడు హ్యారీ బర్డ్. ఒకప్పటి ఫుట్‌బాల్ కోచ్, ఆటలంటే ప్రాణం. నల్లజాతి విద్యార్థులను కాలేజ్ పార్క్‌లోకి రానివ్వకుండా ఏళ్ళ తరబడి అడ్డుపడిందీ ఆయనే. మీకు ప్రిన్సెస్ ఆన్‌లో వేరే కాలేజీ ఉంది కదా అన్నది ఆయన వాదం. ఊరికో బావి, వాడకో బావి అన్నమాట! హైరమ్ విటిల్ అనే మొదటి నల్లజాతి డిగ్రీ విద్యార్థి 1951లో గానీ అక్కడ అడుగు పెట్టలేకపోయాడు. హాలు తెరిచి పదేళ్ళయ్యాక, 1965లో, బిల్లీ జోన్స్ మేరీలాండ్ జెర్సీ వేసుకుని ఆ కోర్టులోకి దిగాడు. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ మొత్తంలో మొదటి నల్లజాతి బాస్కెట్‌బాల్ ఆటగాడు అతనే.

ఆ సీజన్‌లోనే, 1966 మార్చి 19న, జాతీయ కాలేజీ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఈ హాల్లో జరిగింది. ఒకవైపు కెంటకీ. దేశంలో నంబర్ వన్ ర్యాంకు, కోచ్ అడాల్ఫ్ రప్, జట్టంతా తెల్లవాళ్ళే. ఇటువైపు ఎల్ పాసో నుంచి వచ్చిన టెక్సస్ వెస్టర్న్. బాబీ జో హిల్, డేవిడ్ లాటిన్, ఓర్‌స్టెన్ ఆర్టిస్, విల్లీ వోర్స్‌లీ, హ్యారీ ఫ్లోర్నాయ్. మొదట దిగిన అయిదుగురూ నల్లవాళ్ళే. ఫైనల్లో అట్లా జరగడం అదే మొదటిసారి.

నల్లవాళ్ళు ఎగురుతారు, పరుగెత్తుతారు గానీ బుర్ర పెట్టి ఆడలేరు, పక్కన ఒక తెల్లవాడు ఉండి నడిపించాలి అని అప్పట్లో చాలామంది నమ్మకం. మన దగ్గర "కష్టపడతారు గానీ సబ్జెక్టు ఉండదు" అంటారే, అదే మాట. ఆట మొదట్లోనే లాటిన్ బంతిని రింగులోకి కొట్టిన కొట్టుడుకు హాలు అదిరింది. కాసేపటికి పొట్టివాడైన బాబీ జో హిల్ కెంటకీ గార్డుల చేతుల్లోంచి వెంటవెంటనే రెండుసార్లు బంతి లాక్కుని బుట్టలో వేశాడు. అక్కడినుంచి కెంటకీ కోలుకోలేదు. 72–65. కోచ్ డాన్ హాస్కిన్స్ తెల్లవాడు. ఆ రోజు ఏడుగురినే ఆడించాడు, ఏడుగురూ నల్లవాళ్ళే. చరిత్ర కోసం కాదు, నా దగ్గరున్న మంచి ఆటగాళ్ళను ఆడించానంతే అని తర్వాత చెప్పుకున్నాడు. ఆయనకు ద్వేషంతో నిండిన ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి.

"చూశారా, మెరిట్ గెలిచింది" అని ఈ కథను చాలామంది ఇక్కడ ఆపేస్తారు. నేను ఆపను. ఆ రోజుకు కెంటకీ ఆడే కాన్ఫరెన్సులో ఒక్క నల్లజాతి బాస్కెట్‌బాల్ ఆటగాడు లేడు. అంటే కెంటకీ ఎదుగుతూ వచ్చింది తలుపులు మూసుకుని ఆడిన పోటీల్లో. దానికి మెరిట్ అని పేరు. ఓడిపోయాకన్నా వెంటనే తలుపు తీశారా? కెంటకీ జెర్సీలో నల్లజాతి ఆటగాడు కోర్టులోకి దిగేసరికి 1970 అయింది.

గెలిచిన యూనివర్సిటీ సంగతేంటి? ఎల్ పాసోలో నల్లజాతి ఆటగాళ్ళను ఎట్లా చూస్తున్నారో 1968లో స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్ పత్రిక వరస కథనాల్లో బయటపెట్టింది. అదే ఏడాది అక్కడి అథ్లెట్ బాబ్ బీమన్, ఇంకొందరు కలిసి బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీతో పోటీని బహిష్కరించారు. ఆ యూనివర్సిటీని నడిపే మోర్మన్ చర్చి నల్లవాళ్ళను తక్కువ చేస్తుందన్నది వాళ్ళ అభ్యంతరం. ఎల్ పాసో వాళ్ళు బీమన్‌ను జట్టులోంచి తీసేశారు, స్కాలర్‌షిప్ పోయింది. అక్టోబరులో మెక్సికో ఒలింపిక్స్‌లో అతను 8.90 మీటర్లు దూకాడు. పతకం తెస్తే మనవాడు, నోరు తెరిస్తే స్కాలర్‌షిప్ కట్. రీసెర్చ్ స్కాలర్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు దీన్ని నేను వివరించనక్కర్లేదు.

2002లో మేరీలాండ్ బాస్కెట్‌బాల్ జట్టు కొత్త అరీనాకు మారింది. క్యాంపస్ ఫుట్‌బాల్ స్టేడియానికి ఉన్న బర్డ్ పేరును విద్యార్థులు పట్టుబట్టి అడిగాక 2015లో తీసేశారు. పాత హాలును ఫుట్‌బాల్ ప్రాక్టీసు కేంద్రంగా మార్చారు. దాని పేరు ఇప్పుడు జోన్స్–హిల్ హౌస్. జోన్స్ అంటే ఆ బిల్లీ జోన్సే. హిల్ అంటే డారిల్ హిల్, 1963లో అదే కాన్ఫరెన్సులో మొదటి నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు.

వచ్చే ఆదివారం మన దగ్గరికే వద్దాం. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినా, హిందూ జట్టు కెప్టెన్సీ దక్కని పల్వాంకర్ బాలూ కథ.

జై భీమ్.