పార్లమెంటుకు రెండు సభలెందుకు?



పేపర్లో లోక్‌సభ అనీ, రాజ్యసభ అనీ రోజూ చదువుతూనే ఉంటాం. ఒక్క పార్లమెంటుకు రెండు సభలెందుకని ఎప్పుడైనా ఆలోచించారా? మన ఇళ్ళల్లో ఇంటి పెద్ద వెళ్ళి సంబంధం బాగుందని చెప్పినా, తాంబూలాలు పుచ్చుకునే ముందు మేనమామో, పినతండ్రో ఇంకోసారి చూసి వస్తారు. మొదటివారి మీద నమ్మకం లేక కాదు, తొందరలో ఏదైనా కంటికి ఆనలేదేమోనని. రెండో సభ పెట్టడంలో ఉద్దేశం కూడా అదేనండీ.

ఇంగ్లీషువాళ్ళ కాలంలోనూ ఢిల్లీలో రెండు సభలుండేవి. 1919 చట్టం వాటిని ఏర్పాటు చేసింది. అయితే పై సభకు ఓటు వేసే హక్కు బాగా ఆస్తిపాస్తులున్న కొద్దిమందికే. అంటే అది కలవారి సభ అన్నమాట. అందుకే మన రాజ్యాంగాన్ని రాసిన రాజ్యాంగ పరిషత్తులో ఈ మాట వచ్చినప్పుడు, స్వతంత్ర దేశానికి ఆ రెండో సభ ఎందుకు, పనులకు అడ్డం తప్ప అని కొందరన్నారు. 1947 జులైలో ఎన్. గోపాలస్వామి అయ్యంగారు దానికి జవాబు చెప్పారు. ఆవేశంలో చేసే చట్టాన్ని కాస్త ఆపి, నిదానంగా చర్చించే చోటు ఒకటి ఉండాలని ఆయన వాదన. పరిషత్తు ఒప్పుకుంది. కాని పై సభను అడ్డుగోడ కానివ్వలేదు. డబ్బుకు సంబంధించిన బిల్లును అది 14 రోజులకు మించి ఆపలేదు.

పై సభ సభ్యులకు కనీసం 35 ఏళ్ళుండాలని ముందు అనుకున్నారు. 1949 మేలో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి గారు లేచి, 30 చాలని సవరణ పెట్టారు. తెలివి వయసును బట్టి రాదన్నారు. అప్పటికి ఆమెకే నలభై నిండలేదు. ఆ సవరణ నెగ్గింది. ఈనాటికీ ఆ వయసు 30 ఏళ్ళే.

తరువాత 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా మొదటి సార్వత్రిక ఎన్నికలు. ఓటర్లు 17 కోట్ల పైచిలుకు. లోక్‌సభకు 489 స్థానాలు. ఇక్కడొక విచారకరమైన సంగతి ఉంది. ఓటర్ల జాబితా రాసేటప్పుడు, ఎక్కువగా ఉత్తరాదిన, ఎందరో ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యననో, ఫలానా వారి తల్లిననో చెప్పి ఊరుకున్నారు. అలాంటివారు దాదాపు 28 లక్షల మంది జాబితాలో లేకుండా పోయారు!

1952 మే 13న రెండు సభలూ మొదటిసారి కొలువు తీరాయి. పై సభలో 216 మంది. వారిలో 12 మంది రాష్ట్రపతి నియమించినవారు, మిగతావారు ఎన్నికైనవారు. సభాధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. లోక్‌సభ, రాజ్యసభ అన్న పేర్లు 1954లో వచ్చాయి.

రెండు సభలకూ ఒక బిల్లు మీద మాట కుదరకపోతే కలిసి కూర్చుని తేల్చుకోవాలని రాజ్యాంగంలో ఉంది. అలా మొట్టమొదట కలిసి కూర్చున్నది దేనికోసమో తెలుసా? వరకట్న నిషేధం బిల్లు కోసం! 1961 మే 6న, 9న ఉమ్మడి సమావేశం జరిగింది. ఆ ఏడే అది చట్టమైంది. చట్టం వచ్చినా కట్నం పోలేదు, అది మనందరికీ తెలిసిన బాధే. అయినా మన వంటింటి కన్నీళ్ళు దేశంలోకెల్లా పెద్ద సభల్ని ఒకచోట కూర్చోబెట్టాయి కదా!

లోక్‌సభను మనం నేరుగా ఎన్నుకుంటాం. రాజ్యసభలో చాలామందిని మనం ఎన్నుకున్న ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. కనుక రెండు సభలకూ పునాది మన ఓటే. ఇంట్లో 18 నిండిన అమ్మాయి ఉన్నా, కొత్తగా వచ్చిన కోడలున్నా, ఓటర్ల జాబితాలో ఆమె పేరు ఉందో లేదో చూడండి. ఫలానా వారి భార్య అని కాదు, ఆమె పేరుతోనే ఉండాలి సుమా!