కాశిం రజ్వీ అరెస్టు, ఆయుధాల వివాదం

రజాకార్ల నాయకుడు, లాతూరు న్యాయవాది కాశిం రజ్వీని పోలీసు చర్య అనంతరం 1948 సెప్టెంబరులో భారత ప్రభుత్వం నిర్బంధించింది. ఇతనిపై బీబీనగర్ దోపిడీ, ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హత్య కేసులు నడిచాయి. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళాడు. 1970లో కరాచీలో మరణించాడు.

అరెస్టుతో రజాకార్ల పీడ వదిలింది గాని, వారిని ఎదిరించడానికి గ్రామదళాలు సంపాదించుకున్న తుపాకుల సంగతి తేలలేదు. ఆయుధాలు దించి పోరాటం విరమించాలని రావి నారాయణరెడ్డి వాదించాడు. అలా చేస్తే పేదలకు పంచిన భూములను దేశ్‌ముఖులు తిరిగి లాక్కుంటారని పుచ్చలపల్లి సుందరయ్య తదితరులు అన్నారు. ఈ భయం నిరాధారం కాదు. సైన్యం వెంటనే పారిపోయిన భూస్వాములు కూడా ఊళ్ళకు తిరిగి వచ్చారు.

పోరాటం కొనసాగింది. దళాలు సత్తుపల్లికి ఉత్తరాన ఉన్న పాల్వంచ, ఇల్లందు అడవులకు తరలాయి. (ఖమ్మం ప్రాంతం అప్పుడు వరంగల్ జిల్లాలోను, గోదావరి అవతలి భద్రాచలం మద్రాసు రాష్ట్రంలోను ఉండేవి.) ఈ వివాదంలో ఎవరూ అభిప్రాయమడగని కోయలే ఎక్కువ నష్టపోయారు. దళాలకు అన్నం పెడుతున్నారని వారి గూడేలను ఖాళీ చేయించి శిబిరాలకు తరలించారు. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. మొదటి సార్వత్రిక ఎన్నికలలో రావి నారాయణరెడ్డి నల్గొండ నుండి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు ఎన్నికయ్యాడు.