కోరమాండల్ పేరు మోసిన నత్త

హైదరాబాద్ ఆరాంఘర్‌లో ఒక మిత్రుడి ఇంట్లో గాజుతొట్టి ఉంది. దాని అద్దాల మీద, లోపలి చెక్కమొద్దు మీద నువ్వుగింజల్లాంటి తెల్లని చుక్కలు. గోటితో గీకినా ఓ పట్టాన ఊడవు. అవి గుడ్లు. పసుపు గుల్ల మీద నల్లచారలున్న చిన్న నత్త వాటిని పెట్టింది. అక్వేరియం దుకాణాల్లో దాన్ని జీబ్రా నెరైట్ అంటారు. ఆ గుడ్లలోంచి ఒక్క పిల్ల కూడా ఆ నీళ్లలో బతికి పెరగదు.

ఈ జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో 'కోరమాండెలియానా' అన్న మాట ఉంది. మనకు రైలు పేరుగా తెలిసిన కోరమాండల్, ఒకప్పుడు యూరప్ వర్తకులు తూర్పుతీరాన్ని పిలుచుకున్న పేరు. చోళమండలం అన్న మాటే అలా మారిందంటారు. గోల్కొండ రాజ్యానికి రేవైన మచిలీపట్నంలో ఇంగ్లీషువారు 1611లో కోఠీ తెరిచినదీ ఆ తీరంలోనే. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల మీద 1803లో వెలువడిన పుస్తకం, ఆ ఊరు కోరమాండల్ తీరంలో ఉందని పేరులోనే చెప్పింది. రస్సెల్ స్థానికులు పిలిచే చేపల పేర్లను కూడా రాసి ఉంచాడు. నాకు ఆయన మీద గౌరవం అందుకే. ఈ నత్తకు ఆ భాగ్యం దక్కలేదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌కు చెందిన సోవర్బీ పెట్టిన పేరులో తీరం ఉంది కానీ బెస్తల మాట లేదు.

అసలు గాజుతొట్టి నిలబడిందే నత్త వల్ల. 1849లో లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ ఒక గాజుపాత్రలో రెండు గోల్డ్‌ఫిష్‌లను, ఒక నీటిమొక్కను పెట్టాడు. మొక్క ఊపిరినిస్తే చేప బతుకుతుందని ఆయన లెక్క. ఆకులు కుళ్లి, నాచు పేరుకుని నీళ్లు చెడ్డాయి. అప్పుడు ఐదారు కుంటనత్తలను వేశాడు. అవి కుళ్లునూ నాచునూ తినేశాయి, వాటి గుడ్లు చేపలకు మేతయ్యాయి, నీళ్లు తేరుకున్నాయి. ఈ సంగతిని ఆయన 1850లో కెమికల్ సొసైటీ ముందు పెట్టాడు. మూడేళ్లకే లండన్ జూలో జనం చూసేందుకు చేపలశాల తెరిచారు.

కుంటనత్త తొట్టిలోనే సంతానాన్ని పెంచుకుంటుంది. నెరైట్ అలా కాదు. దాని బంధువులు విశాఖ రాళ్ల మీద, ఏరు కడలిలో కలిసే మొగల్లో, కోరింగ మడచెట్ల వేళ్ల మీద బతుకుతాయి. ఆకురాయిలాంటి నాలుకతో పాచిని గీకి తింటాయి. ఆటుకు నీళ్లు తీస్తే గుల్లకున్న మూత బిగించుకుని తడి ఆరకుండా కాచుకుంటాయి. ఏరుల్లో ఉండే జాతుల పిల్లలు పుట్టగానే ప్రవాహంలో ఉప్పునీటికి కొట్టుకుపోతాయి. అక్కడ కొంత ఎదిగాక, కోస్టారికా నదుల్లో లక్షల సంఖ్యలో కనిపించినట్టు, బారులు తీరి తిరిగి ఏటికి ఎదురెక్కుతాయి. ఆరాంఘర్ నుంచి సముద్రం 250 కిలోమీటర్లకు పైనే. బోరునీటి తొట్టిలో ఆ పిల్లలకు దారి లేదు.

అంటే దుకాణాల్లో దొరికే నెరైట్‌లు దాదాపు అన్నీ ఏదో ఒక తీరం నుంచి ఏరి తెచ్చినవే. మన చేతికొచ్చేసరికి అది ఎంత దూరం వచ్చిందో ధర చీటీ మీద రాసి ఉండదు. హైదరాబాద్‌లోనే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 235వ పిల్లర్ దగ్గర చేప ఆకారపు భవనంలో జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ఉంది. అలంకార చేపల పెంపకాన్ని ప్రోత్సహించే ఆ సంస్థ ఈ నత్త పిల్లలను ఉప్పునీటి తొట్లలో పెంచే పనినీ తలకెత్తుకుంటే బాగుండునని నా కోరిక.

ఆరాంఘర్ నుంచి జూపార్కు వైపు వెళ్తే మీర్ ఆలం చెరువు. 21 కమానుల కట్ట, రెండు శతాబ్దాల నాటిది. ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చిన ఆ నీళ్లు మురుగు చేరి పచ్చబడ్డాయి. నత్తలు తెచ్చి వదలొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. మురుగు ఆగకుండా ఏ నత్తా ఆ పచ్చదనాన్ని తినలేదు. పైగా పరాయి ప్రాణిని చెరువులో వదలకూడదు.

నెరైట్‌ను తెచ్చుకునేవాళ్లు ముందు తొట్టిలో పాచి పట్టనివ్వాలి. కొత్త తొట్టి తళతళలాడుతుంటే అది ఆకలితో చస్తుంది. రాగి కలిసిన చేపల మందు దానికి విషం. సున్నం తక్కువున్న నీళ్లలో గుల్ల కరుగుతుంది కాబట్టి మన సున్నపు బోరునీరే దానికి మేలు. తొట్టికి మూత ఉండాలి, రాత్రి పాకి బయటికొచ్చేస్తుంది. మిత్రుడి ఇంట్లో ఒకటి అలాగే వచ్చి తెల్లవారేసరికి గడప దగ్గర మూత బిగించుకుని ఉంది. నీళ్లలో వేసిన పావుగంటకు కదిలింది.