పుట్టినరోజు పెట్టెలో దొరికిన తాళంచెవులు

2018 సెప్టెంబర్ 28, శుక్రవారం. ఫోనులో ఫేస్‌బుక్ తెరిచిన కోట్లాది మందికి రోజూ కనిపించే స్నేహితుల ఫొటోలకు బదులు లాగిన్ పేజీ ఎదురైంది. మొత్తం తొమ్మిది కోట్ల ఖాతాలు. పాస్‌వర్డ్ గుర్తున్నవాళ్లు కొట్టి లోపలికి వెళ్లారు. కొడుకో మనవరాలో ఎప్పుడో ఖాతా తెరిచిపెడితే, ఆనాటి నుంచీ వేలితో నొక్కి చూసుకోవడమే తప్ప పాస్‌వర్డ్ మాటే ఎరగనివాళ్లు మన ఇళ్లలో ఎంతమంది లేరు! అలాంటివాళ్లకు ఆ పేజీ మూసిన తలుపే.

ఆ తలుపులు మూసింది దొంగలు కాదు, కంపెనీయే. మూయక తప్పని పరిస్థితి పద్నాలుగు నెలల ముందే మొదలైంది.

మనం ఫోనులో ఒక్కో పేజీ నొక్కినప్పుడల్లా అవతలి సర్వర్‌కి మనం కొత్త మనుషులమే. ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగితే ఎవరూ వాడలేరు. అందుకే ఒకసారి సరిచూసుకున్నాక సర్వర్ పొడవాటి అక్షరాల వరుస ఒకటి ఇస్తుంది. దాన్ని యాక్సెస్ టోకెన్ అంటారు. ఫోను దాన్ని దాచుకుని, అడిగిన ప్రతిసారీ చూపిస్తుంది. నెలల తరబడి మనం లాగిన్ అయి ఉండేది ఆ తాళంచెవి వల్లే. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఇంటి యజమాని. పాస్‌వర్డ్‌తో పనే లేదు.

ఫేస్‌బుక్‌లో అప్పట్లో ‘వ్యూ యాజ్’ అనే సదుపాయం ఉండేది. నా ప్రొఫైల్ ఫలానా స్నేహితుడికి ఎలా కనిపిస్తుందో నేనే చూసుకోవచ్చు. తమ గోప్యత గురించి పట్టింపు ఉన్నవాళ్ల కోసం పెట్టినది. అక్కడ చూడటమే తప్ప ఏమీ రాయడానికి వీలుండకూడదు. కానీ పుట్టినరోజు శుభాకాంక్షలు రాసే పెట్టె ఒకటి ఆ పేజీలో మిగిలిపోయింది. అందులో వీడియో పెట్టే వీలూ ఉండిపోయింది. 2017 జులైలో వీడియోలు ఎక్కించే కొత్త పరికరం వచ్చింది. పెట్టె కనిపించగానే అది తన పని తాను మొదలుపెట్టి ఒక టోకెన్ తయారుచేసేది. దానికి అప్పగించింది ఒక్క వీడియో ఎక్కించే పని. అది తయారుచేసిన తాళంచెవితో మాత్రం మొబైల్ యాప్‌లో చేయగలిగినవన్నీ చేయొచ్చు. పైగా ఆ తాళంచెవి చూస్తున్న నాది కాదు, నేను ఎవరి కళ్లతో చూస్తున్నానో ఆ స్నేహితుడిది! పేజీ వెనకాల ఉండే హెచ్‌టీఎంఎల్ కోడ్‌లో అది బాహాటంగా పడి ఉండేది.

ఈ మూడు లోపాల్లో ఏ ఒక్కటి లేకపోయినా ఈ దోపిడీ సాగేది కాదు. ఎవరో ఆ మూడింటినీ కలిపి చూశారు.

తమ చేతిలో అప్పటికే ఉన్న కొన్ని ఖాతాలతో మొదలుపెట్టారు. ఆ ఖాతాల స్నేహితుల టోకెన్లు తీశారు. ఆ టోకెన్లతో వాళ్ల స్నేహితులవి. మనుషులు కూర్చుని చేసింది కాదు, ప్రోగ్రామే ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు గెంతుతూ పోయింది. అలా సుమారు నాలుగు లక్షల ఖాతాలు చిక్కాయి. అక్కణ్ణుంచి గొలుసు కోట్లలోకి పాకింది.

సెప్టెంబర్ 14న మొదలైన అసాధారణ రద్దీ కంపెనీ కంటపడింది. అది దాడేనని 25న, మంగళవారం, తేలింది. రెండు రోజుల్లో లోపం మూశారు, ‘వ్యూ యాజ్’ ఆపేశారు. దొంగల చేతిలో పడ్డ తాళంచెవులను వెనక్కి తెచ్చుకునే దారి లేదు. అవి పనికిరాకుండా చేయడమే మార్గం. ఐదు కోట్ల ఖాతాల టోకెన్లు రద్దుచేశారు. గడచిన ఏడాదిలో ‘వ్యూ యాజ్’లో ఎవరి పేరుతో చూశారో ఆ మరో నాలుగు కోట్ల ఖాతాలవీ ముందుజాగ్రత్తగా రద్దుచేశారు. శుక్రవారం ఆ సంగతి ప్రకటించిన ఉపాధ్యక్షుడు గై రోసెన్, పాస్‌వర్డ్ మార్చుకోనక్కర్లేదన్నాడు. అది నిజమే. పాస్‌వర్డ్‌లు ఎవరూ ఎత్తుకుపోలేదు. ప్రమాదంలో పడ్డ ఖాతాల్లో వ్యవస్థాపకుడు మార్క్ జుకర్‌బర్గ్‌దీ ఉంది.

అక్టోబర్ 12న లెక్క తేలింది. టోకెన్లు నిజంగా పోయింది దాదాపు మూడు కోట్ల మందివి. అందులో కోటిన్నర మంది పేర్లు, ఫోన్ నంబర్లో ఈమెయిల్ చిరునామాలో రెండూనో పోయాయి. మరో కోటీ నలభై లక్షల మందివైతే మతం, పుట్టిన తేదీ, ఊరు, చెక్-ఇన్ చేసిన లేదా ట్యాగ్ అయిన చివరి పది చోట్లు, చివరి పదిహేను వెతుకులాటలు కూడా. ఏదో అర్ధరాత్రి ఒంటరిగా వెతుక్కున్న పేరు పరాయివాడి ఫైలులోకి చేరడం కంటే నగ్నంగా నిలబడటం ఇంకేముంటుంది? దొంగలెవరో చెప్పవద్దని దర్యాప్తు చేస్తున్న ఎఫ్‌బీఐ కోరింది.

మనుషుల్ని లాగిన్ అయి ఉండనివ్వడాన్ని నేను తప్పుపట్టను. పాస్‌వర్డ్ గుర్తుండని అమ్మమ్మకు మనవడి ఫొటో చూసే హక్కు ఉంది. వీడియో ఎక్కించే పనికి ఇల్లంతా తెరిచే తాళంచెవి చెక్కడమే క్షమించరానిది. ఎవరికి, ఏ గదికి, ఎంతసేపు అని చూసి ఇవ్వాల్సిన వస్తువది.

2024 డిసెంబర్ 17న ఐర్లండ్ డేటా రక్షణ కమిషన్ ఈ కేసులో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాకు 25.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. అందులో 1.1 కోట్లు ఉల్లంఘనను తెలియజేసిన, నమోదుచేసిన తీరులో లోపాలకు. మిగిలిన 24 కోట్లూ వ్యవస్థను రూపొందించేటప్పుడే రక్షణ చూసుకోనందుకు, అవసరమైనంత సమాచారానికే పరిమితం చేయనందుకు. అప్పీలుకు వెళ్తామని మెటా చెప్పింది.